తిప్పతీగ కోసినా ఎందుకు చావదు?

ఒకప్పుడు తిప్పతీగ చెట్టెక్కేది కాదు. నేల మీదే పాకేది. కోస్తే వడిలి చచ్చిపోయేది. ఒళ్లంతా చేదేమో, మేకలు కూడా దాన్ని తొక్కుకుంటూ పోయేవే గాని మూతి పెట్టేవి కావు.

ఆ కొండ మీది గూడెంలో సోమలమ్మ ఉండేది. విత్తనాల రోజుల్లో గూడెమంతా కలిసి రోజుకొకరి చేను చొప్పున అయిదు రోజులు చోళ్లు, అంటే రాగులు, చల్లేవాళ్లు. ఆ అయిదు రోజులకూ పెద్దవాళ్లకు ఒకే కుండలో చోళ్లు పులియబెట్టి చోడికల్లు పెట్టడం సోమలమ్మ పని. తల్లి నుంచి వచ్చిన పని, ప్రాణంతో సమానం. ఏం లాభం? రెండేళ్లుగా కల్లు మూడో రోజుకే పాడైపోతోంది.

"ఈసారి కూడా పాడైతే కుండ వేరే ఇంటికి ఇచ్చేస్తాం అత్తా," అన్నాడు గూడెం పెద్ద.

కల్లు పాడవకుండా కుండలో ఏ తీగ వేయాలో చూద్దామని సోమలమ్మ అడవికి పోయింది.

"నన్ను వెయ్యి. నా ఆకు ఎంత తియ్యనో!" అంది గురివింద.

"నన్నే వెయ్యి. మూత తీస్తే ఘుమఘుమలే!" అంది సుగంధి తీగ.

"చాల్లే మీ గొప్పలు! నాలుక మాట విని నిరుడు నిన్ను వేశాను, ముందటేడు ఆ గురివిందను వేశాను. కుండలో ఒక్కరన్నా నిలబడ్డారా? ఈసారి చేదునే వేస్తా," అంది సోమలమ్మ.

తిప్పతీగ వణికిపోయింది. "కోస్తే చచ్చిపోతానమ్మా!"

సోమలమ్మకి జాలేసింది. కానీ అసలు చేదు వేరు దగ్గరి ముదురు కాడలోనే ఉంటుంది. కళ్లు మూసుకుని అక్కడ మూరెడు కోసింది. మిగతా తీగను మేకలు తొక్కకుండా మద్దికొమ్మ మీద వేసింది.

కోసిన కాడను కుండలో వేసింది. మూడో రోజు గడిచింది, కల్లు పాడవలేదు. నాలుగోదీ గడిచింది. అయిదో రోజు అందరూ మొహం చిట్లిస్తూ తాగారు, మళ్లీ దొన్నె చాపారు. "కుండ నీదే అత్తా!" అన్నాడు గూడెం పెద్ద.

సోమలమ్మ తిన్నగా మద్దిచెట్టు దగ్గరికి పరుగెత్తింది. తీగ వడిలిపోయి ఉంది. ఒక్క ఆకు మాత్రం పచ్చగా ఉంది. "నా కుండ కోసం నిన్ను చంపుకున్నానే తల్లీ!" అని ఏడ్చింది.

అప్పుడు నేలతల్లి పలికింది. "ఏడవకే సోమలమ్మా. నా ఒళ్లో గింజలు చల్లినవాళ్ల గొంతు తడిపింది ఇది. తీగా, కొమ్మ మీదే ఉండు. ఒక్క దారం కిందికి వదులు, నేను పట్టుకుంటాను."

తీగ భయపడుతూనే సన్నటి దారం వదిలింది. నేల పట్టుకుంది.

అప్పటినుంచే తిప్పతీగ చెట్టెక్కి బతుకుతోంది. మొదలంటా కోసి కొమ్మ మీద పడేసినా చావదు. దారంలాంటి వేరును గాలిలోంచి కిందికి దించుతూ, అమ్మ చెయ్యి అందేదాకా వెతుక్కుంటుంది.