మూడుసార్లు జల్లించిన ఉలవలు

వరహాలమ్మ టీచరుగారిది అదో అలవాటు. మాటకు అర్థం అడిగితే నిఘంటువు తియ్యరు, పని చెబుతారు. పార్వతీపురంలో ఆవిడ దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లలో కొబ్బరికాయ పీచు తియ్యనివాడు లేడు.

కోర్టు అటెండరు దాలినాయుడు ఆ సంగతి తెలిసే వచ్చాడు. గుమాస్తా పరీక్షలో ఇంగ్లీషు పేపరు మూడుసార్లు తప్పాడు. ఇదే ఆఖరిసారి, ఆపైన వయసు దాటిపోతుంది, ఇక జన్మంతా బిళ్ళబంట్రోతే.

"ఈసారీ ట్రై చేస్తానమ్మా" అన్నాడు నీరసంగా. అంతలోనే ఏదో తోచి, "అసలీ ట్రై ఎక్కడ పుట్టిందమ్మా? రోజూ కోర్టులో ట్రయల్, ట్రయల్ అని వింటాను. రెండూ చుట్టాలా?" అని అడిగాడు.

టీచరుగారు లోపలికెళ్లి గిన్నెడు ఉలవలు, ఒక జల్లెడ తెచ్చి ముందు పెట్టారు. "రాళ్లు లేకుండా చేసియ్యి నాయనా. చారు పెట్టాలి."

దీని దుంప తెగ, అడిగిందేమిటి, ఇచ్చిందేమిటి అనుకుంటూనే జల్లించాడు. మన్ను రాలింది. రాళ్లు రాలలేదు. గింజంతేసి రాళ్లు, గింజ రంగువే. మళ్లీ జల్లించాడు. మూడోసారి చేతులు పడిపోయేలా జల్లించి చెమట తుడుచుకున్నాడు.

"నావల్ల కాదమ్మా. మూడుసార్లు పట్టాను."

"ఆ జల్లెడతోనేనా?"

"మీరిచ్చింది అదే కదమ్మా!"

"గోడకు చేట వేలాడుతోంది. ముట్టుకోవద్దన్నానా?"

నాలిక్కరుచుకుని చేట అందుకున్నాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ చెరుగుతుంటే చూసిన గుర్తుతో మెల్లగా చెరిగాడు. నాలుగు చెరుగులకు రాళ్లన్నీ ఒక మూలకు చేరాయి. ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు చెప్పారు టీచరుగారు. "పాత ఫ్రెంచిలో ఈ ట్రై మాటకు జల్లించి ఏరడమనే అర్థం. కోర్టువాళ్లు నిజాన్ని ఏరబోయారు, ట్రయల్ అయింది. ఇక వ్యాకరణమంటావా, ట్రై వెనక 'టు' తగిలిస్తే ఆ పనికోసం గింజుకోవడం. వెనకొచ్చే క్రియకు 'ఇంగ్' తగిలిస్తే, ఇలా చేస్తే ఏమవుతుందో అని ఇంకో దారి పట్టి చూడటం."

దాలినాయుడు సంచిలోంచి గైడు తీశాడు. మూడేళ్లుగా అదే గైడు, అదే బట్టీ. అట్ట ఊడి, అంచులు నల్లబడ్డాయి. తప్పిన పేపర్లలో ఎక్కడ తప్పాడో ఒక్కనాడూ విప్పి చూసుకోలేదు. సిగ్గుతో తల వాలింది.

"రేపట్నించి నేను..." అని ఆగిపోయాడు.

టీచరుగారు ఉలవలు కొంగులో పోసుకుని లేచారు. గైడువైపు చూపించి, "రేపొచ్చేటప్పుడు ఆ జల్లెడ ఇంట్లో పెట్టి రా నాయనా" అన్నారు.