మేక పేరు, మొగుడి పేరు

అనగనగా ఒక ఊరు. ఊరంటే మరీ పెద్దది కాదు, గెడ్డ పక్కన గుప్పెడు ఇళ్ళు. గెడ్డంటే తెలుసుగా? కొండ మీంచి దిగే చిన్న ఏరు. ఎండాకాలం చీమ కూడా దాటేస్తుంది. కొండ మీద వాన పడిందా, ఏనుగునైనా ఈడ్చుకుపోతుంది. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, లేకపోతే నేనే నిద్రపోతాను.

ఆ ఊరికి కామేశం మాస్టారని ఒకాయన కొత్తగా బదిలీ మీద వచ్చారు. ఆయన, భార్య, నీలవేణి అని ఒక్కగానొక్క కూతురు. ముగ్గురికీ జంతువులంటే పిచ్చి. పాలమ్మరు, గుడ్లమ్మరు, ఊరికే సరదాకి పెంచుకుంటారు. ఒక బాతు, ఒక కోడి, ఒక మేక. బాతు పేరు బడబడమ్మ, కోడి పేరు గుమ్మడి. మేక పేరేమో సింహాచలం. వాళ్ళు సింహాచలం కొండ మీది అప్పన్న దేవుణ్ణి చూసొచ్చిన రోజున పుట్టిందిట, అందుకని. నవ్వకండి, మేకైతే మాత్రం సింహం పేరు పెట్టుకోకూడదా? పైగా పేరు పెట్టి పిలిస్తేనే వస్తాయవి. హే అన్నా హో అన్నా తోక కూడా ఊపవు.

దసరా సెలవులకి మాస్టారు వాళ్ళు పూరీ వెళ్దామనుకున్నారు. నీలవేణి ఎప్పుడూ సముద్రం చూడలేదు పాపం. మరి జంతువులని ఎవరికి అప్పజెప్పడం? పక్కింట్లో పైడమ్మ ఉంది. పిల్లాజెల్లా లేరు, ఉన్నదల్లా మొగుడూ పెళ్ళాం. మాస్టారి భార్య వెళ్ళి అడిగితే, దానికేం భాగ్యం తల్లీ, నా బిడ్డల్లా చూసుకుంటానంది.

వెళ్ళే రోజు పొద్దున్నే జట్కా వచ్చి గుమ్మంలో నిలబడింది. నీలవేణి మేక మెడ వాటేసుకుని ఒకటే ఏడుపు. బాతుకి నూకలు వెయ్యత్తా, కోడికి చోళ్ళ గింజలు వెయ్యత్తా, మేకకి అవిసాకు వెయ్యత్తా, దాన్ని కట్టెయ్యకత్తా అని అప్పగింతలు పెట్టింది. పేర్లు పెట్టి పిలుస్తావు కదూ అని చేతిలో చెయ్యి వేయించుకుంది. పైడమ్మ వేసేసింది. అప్పుడు చెప్పింది పిల్ల, మేక పేరు. పైడమ్మ గుండె గుభేలుమంది. ఎందుకంటారా? ఆవిడ మొగుడి పేరూ సింహాచలమే!

మాస్టారికి ఆ సంగతి తెలీదు. తెలిసేదెలా, పైడమ్మ మొగుణ్ణి పేరుతో పిలిచేవాళ్ళుంటేగా? వీధిలోవాళ్ళు పెద్దాయనా అంటారు, పొలంలోవాళ్ళు మావా అంటారు, పైడమ్మ ఏమయ్యోయ్ అంటుంది. తనకో పేరుందని ఆయనకే గుర్తులేదేమో. ఆ రోజుల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు పలికేవాళ్ళు కాదర్రా. పలికితే ఆయనకి ఆయుష్షు క్షీణమని పైడమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. నిజమా అంటే నేనేం చెప్పను, అలా నమ్మేవాళ్ళం. పైడమ్మ నోరు తెరిచేలోపు జట్కా కదిలిపోయింది.

సాయంత్రమైంది. బడబడమ్మా అంటే బాతు ఊగుతూ ఊగుతూ వచ్చింది. గుమ్మడీ అంటే కోడి టకటకా వచ్చింది. మేక దగ్గరికొచ్చేసరికి మాట నోట్లోనే ఉండిపోయింది. చివరికి మొగుడే కంచె దగ్గర నిలబడి, సింహాచలం, ఒసే సింహాచలం అని తన పేరు తనే పిలుచుకున్నాడు. మేక వచ్చింది. వీధి వీధంతా నవ్వింది. రోజూ ఇదే వరస.

ఒకరోజు ఆయన సంతకెళ్ళాడు. మధ్యాహ్నానికి కొండ మీద నల్లగా మబ్బు దిగింది. పైడమ్మ పరిగెత్తి చూసేసరికి గెడ్డ పొంగుతోంది. పచ్చగడ్డి కోసం వెళ్ళిన మేక నడిగెడ్డలో బండ మీద నిలబడి మే, మే అని వణుకుతోంది. బండకీ గట్టుకీ మధ్య ఒక్క గెంతు. గెంతితే బతికిపోతుంది, భయానికి గెంతదే! చుట్టూ చూస్తే నరమానవుడు లేడు.

మా ఇంటాయన పేరుదానా రావే అంది, రాలేదు. అడివికి రాజా రావే అంది, రాలేదు. అప్పన్న కొండా రావే అంది, రాలేదు. అవిసాకు ఊపి చూపించింది, అయినా రాలేదు. నీళ్ళు గిట్టలదాకా వచ్చాయి. ఊ అనరేం? భయమేస్తోందా?

ఇటు చూస్తే మొగుడి ఆయుష్షు, అటు చూస్తే పసిపిల్ల చేతిలో వేసిన చెయ్యి. ఏం చేస్తుంది చెప్పండి! పిచ్చితల్లి ఎంత నలిగిపోయిందో. అప్పన్న కొండ ఉన్న దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టింది. అప్పన్నా, తగ్గించేదేదో నా ఆయుష్షులో తగ్గించుకో, ఆయన జోలికి వెళ్ళకు అంది. కళ్ళు గట్టిగా మూసుకుని, గొంతు చించుకుని ఒక్క కేక పెట్టింది.

"సింహాచలం!"

మేక ఒక్క గెంతు గెంతి గట్టు మీద, అచ్చంగా పైడమ్మ ఒళ్ళో పడింది.

అంతలో వెనకనుంచి "ఓయ్!" అని వినిపించింది. తిరిగి చూస్తే మొగుడు. సంత నుంచి వస్తూ కేక విని, సంచీ పారేసి పరిగెత్తుకొచ్చాడు. పైడమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, నీ ఆయుష్షు తీసేశానయ్యా అని భోరుమంది. ఆయన వచ్చి పక్కన చతికిలబడి అన్నాడూ:

"మాయమ్మ పోయాక నన్ను పేరెట్టి పిలిచినోళ్ళు లేరే. ఇంకోపాలి పిలువు."

పూరీ నుంచి నీలవేణి గవ్వలు మూటగట్టుకుని వచ్చింది. జట్కా దిగుతూనే సింహాచలం అని అరిచింది. మేకా వచ్చింది, పక్కింటాయనా వచ్చాడు! సంగతి తెలిసి మాస్టారు సిగ్గుపడిపోయి, మేక పేరు మార్చేస్తామన్నారు. పైడమ్మ వద్దంటే వద్దంది.

ఎందుకో తెలుసా? వాళ్ళ మేక వాళ్ళింటికి వెళ్ళిపోయాక కూడా, పొద్దువాలేసరికి పైడమ్మ కంచె దగ్గర నిలబడి సింహాచలం అని పిలిచేది. ఎవరైనా నవ్వితే, నేను పిలిచింది మేకనమ్మా అనేది. మేక తలెత్తి చూసి మళ్ళీ ఆకు నమిలేది. ఆయన మాత్రం పొలంలోంచి గబగబా ఇంటికొచ్చేసేవాడు. ఆయుష్షు తగ్గిందా అంటే, నిండు నూరేళ్ళూ బతికాడు.

అంచేత పిల్లలూ, నమ్మి ఒక ప్రాణాన్ని మన చేతిలో పెడితే దాన్ని మన ప్రాణంలా చూసుకోవాలి. ఇంట్లోవాళ్ళని నోరారా పిలుచుకోవాలి. ఇక కథేమో కంచి బస్సెక్కేసింది, మనం దుప్పట్లో దూరదాం.

ఏమిటే? మీ తాత పేరా? ఓసి గడుగ్గాయీ, ఆయన పక్కనే వసారాలో పడుకున్నారు. సరే, చెవి ఇలా పెట్టు...

విన్నావా? అదిగో, ఎవరో పిలిచినట్టు "ఆఁ" అంటున్నారు!