కుడి దవడ పన్ను

పేర్రాజు గారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాళ్లకే ఏదో ఒక పని అప్పజెప్పి, తాను కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంటారు. విజయనగరంలో ఆయన దగ్గర పళ్ల వైద్యం నేర్చుకున్నవాళ్లంతా ఈ అలవాటును లోలోపల తిట్టుకున్నవాళ్లే.

ఆ సాయంత్రం ఆయన శిష్యురాలు నిరీక్షణకు తిట్టుకునే ఓపిక కూడా లేదు. తోటి డాక్టర్లలో ఒకరు పెళ్లికి వెళ్లారు, ఇంకొకరికి తలనొప్పి. పొద్దుటి నుంచి వచ్చిన రోగులందరినీ తనే చూసింది. ఇప్పుడు కుర్చీలో పైడమ్మ నోరు తెరుచుకుని పడుకుని ఉంది. ఆమె కుడి దవడ పన్నుకు తొడిగిన పల్చటి పింగాణీ తొడుగు పగలడం ఇది రెండోసారి.

"సార్, అర మిల్లీమీటరు మందం. ల్యాబులో నమిలే యంత్రం కింద పెట్టి పన్నెండు లక్షల సార్లు నమిలించాను, గీత కూడా పడలేదు. ఈవిడ నోట్లో ఆర్నెల్లు ఆగలేదు. ఇంకెంత మందం చేస్తే నిలుస్తుంది?"

మందం పెంచాలంటే కింద ఉన్న అసలు పన్నును మళ్లీ అరగదీయాలి. ఇంకొంచెం అరిగితే నరం బయటపడుతుంది. ఆ తర్వాత పన్ను దక్కుతుందన్న నమ్మకం లేదు. ఇదంతా తెలిసి కూడా నిరీక్షణ చేయి అరగదీసే మిషను మీదే ఉంది.

పేర్రాజు గారు సొరుగులోంచి వేయించిన శనగల పొట్లం తీశారు. కుర్చీ లేపించి పైడమ్మను నిటారుగా కూర్చోబెట్టారు.

"తినమ్మా."

"ఇరిగిన పన్నుతోటా బాబూ? ఇంకో ముక్క ఊడితే ఈ డాట్రు పాప నన్ను కొడతాది."

"కొడితే నేను అడ్డం వస్తాలే. తిను." ఆయన శిష్యురాలి వైపు తిరిగారు. "ఆ మిషను పక్కన పెట్టి, ఆవిడ బుగ్గలు చూడు."

పైడమ్మ కొంగుతో మూతి తుడుచుకుని నమలసాగింది. కుడి బుగ్గ ఉబ్బుతోంది, తగ్గుతోంది. తొడుగు పగిలిన పన్నే అయినా నాలుక శనగలను అటే తోస్తోంది. పొట్లం సగమయ్యేదాకా ఎడమ బుగ్గలో చలనం లేదు.

"ఎడమవైపు నమలరా అమ్మా?" అంది నిరీక్షణ.

"అటేపు నమిల్తే సలుపు తల్లీ. మా సిన్నోడు కడుపున పడ్డ కాణ్ణుంచీ అంతే. అలవాటైపోనాది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు ఇరిగిందేదని అడిగినావు. అదే సెప్పినాను."

నిరీక్షణ అద్దం పెట్టి ఎడమవైపు చూసింది. రెండు పళ్లు పుచ్చాయి. మిగిలినవి గట్టివే, కానీ వాడక గారపట్టి ఉన్నాయి. మొదటి రోజు కూడా చూసినవే. నొప్పి అని ఆవిడ అనలేదు కాబట్టి వదిలేసినవే. లెక్కలో ఎక్కడ పొరపాటు జరిగిందో అప్పుడు తెలిసింది. యంత్రం కింద తను పెట్టింది ఒక పన్ను వాటాకు వచ్చే బరువు. ఇక్కడ ఆ పన్ను నోరంతటి బరువు మోస్తోంది.

"ముందు ఎడమవైపు బాగుచేస్తాను సార్. కుడివైపు ఇక అరగదీయను, అదే మందంలో ఇంకో తొడుగు చేస్తాను." అయినా మనసు ఒప్పుకోలేదు. "కానీ అర మిల్లీమీటరు అసలు ఎంత బరువు ఆపగలదో మీరు చెప్పలేదు."

పేర్రాజు గారు కళ్లజోడు పెట్టుకుని, కళ్ల కింద నల్లబడిన ఆమె ముఖాన్ని, పక్కన ఖాళీగా ఉన్న తోటి డాక్టర్ల కుర్చీలను చూశారు.

"అది ఎంత ఆపగలదో చెప్పడానికి యంత్రం ఉందమ్మా. పక్కవి ఎందుకు ఊరుకున్నాయో మాత్రం మనమే నోరు తెరిచి అడగాలి."