మూడు స్వర్గాలు, ఒక గేదె తోక

శ్రావణం సగం కాకముందే గోదావరి ఎర్రబడింది. పొద్దున ఏటి మధ్య లంక అంచున ఉన్న రెల్లు మునిగింది. మధ్యాహ్నానికి అరటితోట మునిగింది. లంకలో మనుషులందరూ పడవలెక్కి దక్షిణాన ఉన్న ఏటిగట్టుకు వెళ్ళిపోయారు. పడవల్లో మనుషులకే చోటు చాల్లేదు, ఇక పశువులకెక్కడిది? మెడల్లో తాళ్ళు విప్పి, "మీ బతుకు మీరు చూసుకోండి" అని వదిలేశారు. ఆపద వచ్చినప్పుడు పైవాడు కిందవాడికిచ్చే స్వాతంత్ర్యం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. తాడు విప్పుతాడు, దారి మాత్రం చూపించడు.

లంక మొత్తానికి మిగిలిన ఎత్తు ఒక్క ఇటుక బట్టీ. వేసవిలో పేర్చారు గానీ, నిప్పు పెట్టేలోపే వానలొచ్చాయి. అన్నీ పచ్చి ఇటుకలే. వానకు తడవకుండా పైన ఒక బరకం కప్పి ఉంది. ఆ బరకం మీద, అందరికన్నా ముందే వచ్చి, నక్క కూర్చుంది.

దాని కింద మెట్టులో ఒక గొర్రె, దాని పిల్ల, గడ్డం పెంచిన ఒక మేకపోతు, ధవళమ్మ అనే ముసలి ఆవు. అందరికన్నా కింద, మోకాళ్ళ లోతు నీళ్ళలో, నల్లక్క అనే గేదె. ఎవరూ ఒక్కచోట నిలవడం లేదు. మేకపోతు ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతోంది. ధవళమ్మ కాళ్ళు మార్చి మార్చి నిలబడుతోంది. గొర్రెపిల్ల తల్లి పొదుగు కోసం వెతుకుతోంది, తల్లికేమో ఆగి పాలిచ్చే తీరిక పొద్దుటినుంచీ దొరకలేదు.

నల్లక్క నీళ్ళ వంక చూసింది, గట్టు వంక చూసింది. "ఇక్కడుంటే సాయంత్రానికి అందరం పోతాం. రండి, ఒక్కొక్కరే నా తోక పట్టుకోండి. గట్టుకు చేరుస్తాను. పశువులు కాసే పిల్లలు రోజూ నా తోక పట్టుకునే కదా ఏటిపాయ దాటేవాళ్ళు, మీరంతా చూసినవాళ్ళేగా!"

గొర్రె పిల్లను ముందుకు తోసింది. నక్క బరకం అంచుకు జరిగింది. వరద మొదలైన దగ్గర్నుంచీ దాని నోట్లోకి ముద్ద పోలేదు. అది ఇంతసేపూ ఓపిగ్గా కూర్చున్నది ఆ పిల్ల కోసమే. పిల్ల గట్టెక్కితే తనకు పస్తే.

"ఆగండాగండి!" అని లేచింది నక్క. "గొర్రె వదినా, తొందరపడకు. ఒక్కమాట అడుగుతాను. గేదె జాతి ఎవరి వాహనం?"

ధవళమ్మ చెవులు రిక్కించింది. "యముడిది."

"యముడిది ఏ దిక్కు?"

"దక్షిణం."

"మరి ఆ గట్టు ఏ దిక్కునుంది?"

అందరూ గట్టు వంక చూశారు. పిల్లను తోసిన గొర్రె దాన్ని మళ్ళీ వెనక్కి లాక్కుంది.

"మా వాళ్ళలో యముడు లేడు బావా" అంది గొర్రె, కాస్త ధైర్యం తెచ్చుకుని. "మాకు కాపరి ఒకాయన ఉన్నాడు. చివరి రోజున ఆయనే వచ్చి, పేరు పెట్టి పిలిచి, పచ్చిక బయళ్ళకు తీసుకుపోతాడు."

"యముడు లేకపోతే పోనీలే. మీ నరకంలో ఉండేవాడు ఎలా ఉంటాడు? నల్లగా, కొమ్ములతో ఉండడూ?"

గొర్రె నల్లక్క కొమ్ముల వంక చూసి పిల్లకు అడ్డంగా నిలబడింది.

"మరి మీదో, మేక మావా? నిప్పుల గుండం అంటారే, అందులో కాలినవాళ్ళు ఏ రంగులో ఉంటారు?"

"బొగ్గు రంగే" అంది మేకపోతు. రెండడుగులు వెనక్కి వేసింది.

చూశారా తమాషా! స్వర్గం దగ్గర ముగ్గురివీ మూడు దారులు. నరకం దగ్గర మాత్రం ముగ్గురికీ ఒకటే మొహం, గేదె మొహం. ఎవర్ని ప్రేమించాలో తేల్చుకోలేని వాళ్ళు ఎవర్ని అసహ్యించుకోవాలో మాత్రం ఇట్టే తేల్చుకుంటారు. చరిత్ర పొడుగునా నక్కలు బతికింది ఆ ఒక్క ఒప్పందం మీదే.

"నేను గడ్డి తింటానమ్మా, పాపుల్ని తినను" అంది నల్లక్క. "నీళ్ళు పెరుగుతున్నాయి. త్వరగా తేల్చుకోండి."

"తేలుస్తాం, తేలుస్తాం" అంది నక్క తీయగా. "ఇక్కడ నా పక్కన ఇంకొకరికే చోటుంది. ఎవరి స్వర్గం నిజమో వాళ్ళు పైకి రండి. అబద్ధపు స్వర్గం వాళ్ళు ఎలాగూ కిందికి పోవాల్సిందే కదా!"

ఇంకేముంది, ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

"నేనే రావాలి" అంది ధవళమ్మ. "చచ్చాక వైతరణి అనే నది ఉంటుంది. నెత్తురూ చీమూ పారే నది. మా తోక పట్టుకోనిదే ఎంత గొప్పవాడైనా దాన్ని దాటలేడు."

"అయితే పిన్నీ, ముందు ఈ గోదారి దాటించు" అంది మేకపోతు.

"ఇది బతికున్నవాళ్ళ నది. నాది చచ్చినవాళ్ళ నది."

"భలే చెప్పావు! మా సంగతి అలా కాదు. పండగనాడు ప్రాణమిచ్చిన మేకపోతు, యజమానిని వీపు మీద కూర్చోబెట్టుకుని, వెంట్రుక కన్నా సన్నని వంతెన మీదుగా అవతలికి చేరుస్తుంది. తెలుసా?"

"అయితే నువ్వే చేర్చు" అంది గొర్రె.

"వంతెన ఉండాలి కదా!"

"మా కాపరికి వంతెన అక్కర్లేదు. నీళ్ళ మీద నడిచే వస్తాడు."

"ఎప్పుడొస్తాడు?"

"వస్తాడు."

"నీళ్ళు నీకు మోకాళ్ళ దాకా వచ్చాక వస్తాడా, మూతి దాకా వచ్చాకా?"

"మా కాపరిని వెటకారం చేస్తే మర్యాద దక్కదు! చివరి రోజున గొర్రెల్ని కుడివైపు, మేకల్ని ఎడమవైపు నిలబెడతాడు. నీ చోటెక్కడో అప్పుడు తెలుస్తుంది."

"నన్ను ఎడమవైపు నిలబెట్టడానికి నువ్వెవరివే?" అని మేకపోతు తల వంచి పొడవబోయింది. ధవళమ్మ పక్కకు జరిగింది. ఆమె డొక్క తగిలి గొర్రె తూలింది. కాళ్ళ కింద ఇటుక మెత్తగా జారింది. గొర్రెపిల్ల నీళ్ళలో పడిపోయింది.

ఎర్రనీళ్ళు దాన్ని చుట్టచుట్టి లాక్కుపోయాయి.

ఎవరి స్వర్గమూ కదల్లేదు. నల్లక్క కదిలింది. ఒక్క ఉదుటున నీళ్ళలోకి దూకింది. మునిగి తేలుతున్న పిల్ల మొహానికి ఆమె తోక కుచ్చు తగిలింది. పొద్దుటినుంచీ పొదుగు కోసం వెతుకుతున్న నోరది. ఏది అందితే అది పట్టుకుంది. పళ్ళు సరిగ్గా రాని చిగుళ్ళతో గట్టిగా పట్టుకుని చీకడం మొదలుపెట్టింది. అంతలో కొట్టుకొస్తున్న గడ్డివామొకటి అడ్డం వచ్చింది. పిల్లా, గేదే కనపడకుండా పోయాయి.

"చెప్పానా!" అని నక్క ముందుకాళ్ళు పైకెత్తింది. "దక్షిణానికే ఈడ్చుకుపోయింది! ఏడవకు వదినా. రాసిపెట్టి ఉంది. శవం ఇటు కొట్టుకొస్తే నాకు చెప్పండి. జరగాల్సినవన్నీ నేను దగ్గరుండి జరిపిస్తాను."

గొర్రె ఏడుపు వినలేక మేకపోతు గడ్డం నీళ్ళకేసి తిప్పుకుంది. ధవళమ్మ కళ్ళు మూసుకుంది. బరకం మీద కూర్చున్న ఒక్కడు మాట్లాడుతూనే ఉన్నాడు. మునుగుతున్న వాళ్ళ ముందు మోక్షం గురించి మాట్లాడేవాడి గొంతు ఎందుకో ఎప్పటికీ ఎండదు.

అప్పుడు గట్టు మీంచి ఒక అరుపు వచ్చింది. సన్నగా, సాగదీసి, మొండిగా.

గొర్రె ఏడుపు ఆగిపోయింది. "అది నా పిల్లే."

"దాని ఆత్మ" అంది నక్క.

"కాదు. ఆకలేసినప్పుడు అలాగే అరుస్తుంది."

"నరకంలో ఆకలి ఉంటుంది వదినా! ఉండేదే ఆకలి! నరకమంటేనే అది!"

గొర్రె నక్క వంక చూసింది. ఆ చూపులో ఇదివరకున్న భయం లేదు. "నరకమైతే మాత్రం? పాలు పట్టాలిగా."

నల్లక్క ఒగర్చుకుంటూ తిరిగొచ్చేసరికి గొర్రె అప్పటికే డొక్కల లోతు నీళ్ళలో ఉంది. ఎవర్నీ ఏమీ అడగకుండా తోక పట్టుకుంది.

మిగిలిన ఇద్దరూ గట్టు వంకే చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి పిల్ల అరుపు ఆగిపోయింది. పాలు తాగుతోందని ఇద్దరికీ అర్థమైంది. తర్వాతి విడతలో మేకపోతు వెళ్ళింది. తోక పట్టుకునే ముందు, "నా నమ్మకం నాదే, ఇది ఒట్టి ప్రయాణం" అని చెప్పుకుంది. "అలాగే మావా, నోరు మాత్రం తెరవకు" అంది నల్లక్క. ఆ తర్వాత ధవళమ్మ. అందర్నీ వైతరణి దాటించే ఆవు, గేదె తోక నోట కరుచుకుని, సిగ్గుతో తల దించుకుని గోదావరి దాటింది.

బట్టీ మీద నక్క ఒక్కటే మిగిలింది. కింది వరస ఇటుకలు ఒక్కొక్కటే కరిగి, తాము వచ్చిన మట్టిలోనే కలిసిపోతున్నాయి. బరకం ఒకవైపు కుంగింది.

గట్టు మీద నల్లక్క రొప్పుతూ మళ్ళీ నీళ్ళలోకి దిగబోయింది. మేకపోతు అడ్డం నిలబడింది.

"ఎక్కడికి అత్తా? వాడి కోసమా? వాడు పిల్లను తినాలని కూర్చున్నాడు! నిన్ను నరకమన్నాడు! పోనీ వాణ్ణి!"

"పోతే ఏమవుతాడు?"

"చస్తాడు."

"చస్తే ఊరుకుంటాడా? పైకి పోయాడంటారు. అందర్నీ ఒడ్డుకు పంపి తాను ఆగిపోయాడంటారు. వచ్చే వరదకు ఇంకో నక్క వాడి పేరు చెప్పి ఇంకో దిబ్బ ఎక్కుతుంది. వాణ్ణి దేవుణ్ణి చేసే ఓపిక నాకు లేదు మావా. బతికుండగా, అందరూ చూస్తుండగా, తోక పట్టించి తీసుకొస్తాను."

మేకపోతు పక్కకు తప్పుకుంది. తొలిసారి దాని గడ్డం కింద నవ్వు కదిలింది.

నల్లక్క ఈదుకుంటూ వెళ్ళి బట్టీ పక్కన తోక చాచింది. "పట్టుకో బావా."

నక్క తోకను చూసింది. గట్టు మీద వరసగా నిలబడి తననే చూస్తున్న కళ్ళను చూసింది. "నేను... నేనిక్కడే ఉంటాను. నా స్వర్గం నాకుంది" అంది.

"సరే. ఎంతసేపుంటుంది?"

జవాబు నక్క చెప్పలేదు, ఇటుకలు చెప్పాయి. బట్టీ నడుం దగ్గర విరిగి నీళ్ళలోకి జారిపోయింది. బరకం ఒక్కసారి ఉబ్బి మునిగింది. మరుక్షణం యముడి వాహనం తోకను నక్క నోటితో, ముందుకాళ్ళతో, ప్రాణమంతా పెట్టి పట్టుకుంది.

గట్టెక్కాక, తడిసి సగమైన ఒళ్ళు దులుపుకుని, గొంతు సవరించుకుంది. "నిజానికి ఇందులో ఒక పరమార్థం ఉంది. మీకందరికీ ఒక పరీక్ష పెడదామని..."

పాలు తాగి పొట్ట ఉబ్బిన గొర్రెపిల్ల దాని ముందుకొచ్చి నిలబడింది. దాని మూతికి ఇంకా రెండు నల్లటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. అది నక్క మూతి వంక చూసింది. అక్కడా అవే వెంట్రుకలు.

"నక్క మావా, నువ్వూ అదే తోక పట్టుకున్నావా?"

గట్టంతా పగలబడి నవ్వింది. ఎన్నడూ నవ్వని ధవళమ్మ కూడా నవ్వింది. నక్క రెల్లు పొదల్లోకి దూరిపోయింది. ఆ తర్వాత అది ఎక్కడ నరకం మాటెత్తినా, ఎవరో ఒకరు మూతి తుడుచుకోమని సైగ చేసేవారు.

ఆ సాయంత్రం గట్టు మీద గొర్రె తన కాపరి గురించి, మేకపోతు తన వంతెన గురించి, ధవళమ్మ తన వైతరణి గురించి మళ్ళీ వాదించుకున్నారు. బాగా గట్టిగానే. కానీ ఈసారి ముగ్గురూ నల్లక్కను మధ్యలో కూర్చోబెట్టుకుని వాదించుకున్నారు. ఆమె గడ్డి నెమరేస్తూ, నీళ్ళు ఇంకెంత పెరుగుతాయోనని నది వంకే చూస్తోంది.

నీతి: మునుగుతున్నవాడికి ముందు తోక అందించు, చచ్చాక ఎక్కడికి పోవాలో ఒడ్డెక్కి వాడే తేల్చుకుంటాడు.