నేరేడు రంగు గిటార్

ఎలీషా గిటార్‌ని ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. ఎలీషా పాటను మాత్రం ఒక్కరూ గుర్తుపెట్టుకోరు. అతని బాధ అదే.

నిగనిగలాడే నేరేడుపండు రంగు, మెడ పొడుగునా పొదిగిన ముత్యపుచిప్ప, తీగలు బిగించడానికి బంగారుపూత బిరడాలు. సికింద్రాబాద్ హోటళ్లలో అతను వేదిక ఎక్కగానే ఫోన్లు పైకి లేచేవి. అంతకుముందు ఎర్రది ఒకటి ఉండేది, దానికి ముందు వెన్నరంగుది. పాట పలకనప్పుడల్లా పిచ్చి మారాజు గిటార్ మార్చేవాడు. కొత్తదానికి పెళ్లికూతురికి చేసినంత ముస్తాబు చేసి తెచ్చేవాడు. అదీ నోరు విప్పేది కాదు.

అతను వాయించేది బ్లూస్. పత్తి చేలల్లో వెట్టిచాకిరీ చేసిన నల్లజాతి మనుషులు తమ ఏడుపును తామే పాడుకుంటే పుట్టిన సంగీతం. ఏడుపు తెలియనివాడి చేతిలో అది పలకదని అందరూ అనేవారు. తనకింకా ఏ దెబ్బా తగల్లేదు కదా అని ఎలీషా సర్దిచెప్పుకునేవాడు.

ఈ ఎండాకాలం ఆ దెబ్బా తగిలింది. తమ్ముడు యోనా పోయాడు. బండి మీద స్పీకర్లు మోసుకొచ్చి, వేదిక పక్కన నిలబడి, అన్న ఎలా వాయించినా తల ఊపినవాడు. కొన్నాళ్లకు ఎలీషా వాడి కోసం ఒక పాట కట్టి హోటల్లో వాయించాడు. గుండె అంతా అందులో పెట్టాననే అనుకున్నాడు. పాట అయ్యాక ఒకాయన దగ్గరికొచ్చి, ఈ రంగు ఎక్కడ వేయించారని అడిగాడు.

మర్నాడు ఎలీషా గిటార్ తీసుకుని లాలాగూడ వెళ్లాడు, తనకు మొదట తీగ మీటడం నేర్పిన డెస్మండ్ సార్ దగ్గరికి. ఇక మానేస్తున్నానని చెప్పి రావడానికే వెళ్లాడు.

డెస్మండ్ సార్ ఆంగ్లో ఇండియన్. రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూ, సాయంత్రాలు డాన్సులకు వాయించిన మనిషి. ఇప్పుడు ఎనభై దాటాయి, చెవులు దాదాపు పోయాయి. అందుకని, మెల్లగా చెప్పుకోవాల్సిన దుఃఖాన్ని ఎలీషా వరండాలో కూర్చుని అరిచి చెప్పాల్సి వచ్చింది. ఎదురింటివాళ్లు గుమ్మంలోకి వచ్చి మరీ విన్నారు. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం.

"తమ్ముడు నా గిటార్ల ఎందుకు వస్తలేడు సార్?" అన్నాడు చివరికి. "నాల ఏమీ లేదా? లేదంటే చెప్పుండ్రి, దీన్ని ఈడనే పెట్టి పోతా."

సార్ కుర్చీ దగ్గరికి లాక్కుని, యోనా పాటలోంచి ఒక్క స్వరం వాయించమని సైగ చేశారు. ఇది కరెంటు గిటార్, స్పీకర్ తేలేదని ఎలీషా అంటుండగానే ముందుకు వంగి, గిటార్ భుజం మీద, మెడ పక్కనే, తన దవడ ఆనించారు. వినికిడి పోయిన దగ్గర్నుంచి ఆయన అలాగే వింటున్నారు, ఎముకతో.

ఎలీషా తీగ మీటి, ఎడమచేతి వేలితో పైకి నెట్టి పట్టుకున్నాడు. వరండాలో అది దోమ రొదంత కూడా లేదు. కానీ సార్ కళ్లు మూసుకున్నారు. నుదురు ముడిపడింది. పెదవి వణికింది. నోటి చివరి తడి జారి నేరేడు రంగు మీద పడింది, నెరిసిన గడ్డం దాన్ని అటూ ఇటూ పులిమింది.

తీగను నొక్కిపట్టిన చెయ్యే ఆ మరకకు దగ్గరగా ఉంది. అది తీగను వదిలేసి, స్వరాన్ని తెంచేసి, చొక్కా అంచుతో మరకను తుడిచింది. తుడిచాక గానీ ఎలీషాకి తను చేసింది తెలియలేదు.

సార్ వెంటనే లేవలేదు. దవడ అలాగే ఆనించి కాసేపు ఎదురుచూశారు. ఇక ఏమీ రాదని తెలిశాక తలెత్తారు. ఆయన ముఖంలో కోపం లేదు. ఎవరినో సాగనంపి వచ్చిన మనిషిలా ఉన్నారు.

"వాడు వస్తుండె బిడ్డా," అన్నారు. "చెయ్యి నువ్వే తీసినవ్."

ఎలీషా మళ్లీ తీగ మీద వేలు పెట్టాడు. మీటలేకపోయాడు.