అలుగు అలగలేదు

అడవిలో ఉడుత పెళ్లి. మద్దిచెట్టు కింద పందిరి పడింది. పెళ్లిపెద్ద నక్క, డోలు ఎలుగుబంటిది.

ఉడుతకు ప్రాణస్నేహితురాలు అలుగు. ఒళ్లంతా గట్టి పెంకులే గానీ చెవులు మహా సున్నితం. చప్పుడు ఎక్కువైతే దానికి మాట పెగలదు, ఉండలా చుట్టుకుపోతుంది. పోయినేడు జాతరలో అలా చుట్టుకుపోతే "అలుగు అలిగింది" అని అడవంతా నవ్వింది. ఈసారి మాత్రం స్నేహితురాలి మెడలో తాళి పడటం చూసే ఇంటికి వెళ్లాలని దాని పట్టుదల.

అందుకే ఎవరూ రాకముందే వచ్చి పందిరంతా తిరిగి చూసుకుంది. చెవుల్లో బూరుగు దూది పెట్టుకుంది. డోలుకు దూరంగా, బయటికి పోయే దారి పక్కన కూర్చుంది.

"కష్టంగా ఉంటే పుట్ట వెనక్కి పోయి కూర్చో అక్కా. తాళి వేళకు తోక ఊపి పిలుస్తాను" అంది ఉడుత.

నక్క చూడనే చూసింది. "ఏమమ్మా, గుమ్మంలో కూర్చున్నావు? అలకపాన్పు పెళ్లికొడుక్కి గానీ నీకు కాదే!"

"అలక కాదు మామా. చప్పుడు పడదు. ఇక్కడైతే చివరిదాకా ఉండగలను."

"చప్పుడు లేని పెళ్లేం పెళ్లి! ముందుకొచ్చి కూర్చో. మధ్యలో లేచావో, ఇంకెవరి శుభకార్యానికీ నీకు పిలుపుండదు!"

నక్క దాన్ని డోలు పక్కకు లాక్కెళ్లి, చెవుల్లో దూది పీకేసింది. లేచి వెళ్లకుండా తన తోక అడ్డం వేసి కూర్చుంది.

"వద్దు మామా..."

"వాయించు అల్లుడూ! దీని అలక ఎగిరిపోవాలి!"

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఎలుగుబంటి ఢమ్మని వాయించింది. అలుగు గిర్రున చుట్టుకుపోయింది, నక్క తోకతో సహా.

"అమ్మో, నా తోక!" నక్క గంతులు వేసింది.

"మామకు హుషారొచ్చింది!" అని ఎలుగుబంటి ఇంకా గట్టిగా బాదింది. దెబ్బ దెబ్బకూ అలుగు బిగుసుకుంది.

"హుషారు కాదురా, చస్తున్నాను! డోలు ఆపు! అందరూ నోళ్లు మూయండి!"

పందిరి నిశ్శబ్దమైంది. కాసేపటికి అలుగు మెల్లగా విచ్చుకుంది.

"నేను అలగలేదు మామా. చప్పుడు మితిమీరితే ఒళ్లు నా మాట వినదు."

"నాకు తెలియలేదు గానీ, నా తోకకు తెలిసిందమ్మా" అని మూలిగింది నక్క.

ఉడుత పీటల మీంచి లేచొచ్చి దూది తిరిగి పెట్టింది. అలుగు పుట్ట వెనక చల్లటి మట్టిలో కాసేపు కళ్లు మూసుకుంది. ఉడుత తోక ఊపగానే వచ్చి దారి పక్కన తన చోట కూర్చుంది.

పెళ్లికొడుకు తాళి అందుకున్నాడు. ఎలుగుబంటి కర్ర ఎత్తింది. గట్టిమేళం అనాల్సిన పెళ్లిపెద్ద వాచిన తోక ఒళ్లో పెట్టుకుని కంగారుగా కేక వేసింది:

"మెత్తమేళం! మెత్తమేళం!"

తప్పుకుని కూర్చున్నవాళ్లంతా అలిగినవాళ్లు కారు.