సగం రొట్టె

అనగనగా ఒక ఊళ్ళో, మన వైపు కాదులే, సముద్రాల అవతల అమెరికాలో, రూఫస్ అని ఒక నల్లజాతి కుర్రాడు ఉండేవాడు. తాటిచెట్టంత పొడుగు. బాస్కెట్‌బాల్ ఆడాడంటే బంతి వాడి మాటే వినేది. అప్పుడు ఆ దేశంలో తెల్లవాళ్ళకి వేరే బడి, నల్లవాళ్ళకి వేరే బడి. హోటల్లో తిండీ వేరే. ఆకలికి రంగుంటుందటే చిట్టీ? వాళ్ళకి ఉండేది మరి.

అలాంటి రోజుల్లో తెల్లవాళ్ళ జట్టులోకి మొట్టమొదటిసారి రూఫస్‌ని తీసుకున్నారు. వాళ్ళమ్మ మురిసిపోయింది. ఆటకి వెళ్ళినప్పుడల్లా మొక్కజొన్న రొట్టె కట్టిచ్చేది. "ఒక్కడివే తినకు నాయనా, పక్కవాడికీ పెట్టు" అనేది.

ఆ జట్టులో వాల్టర్ అనే తెల్ల కుర్రాడు వాడికి స్నేహితుడు. మంచివాడే. మొదటి ఊళ్ళో ఆట అయ్యాక అందరూ హోటలుకి వెళ్ళారు. రూఫస్‌ని గుమ్మంలోనే ఆపేశారు. అప్పుడు వాల్టర్ పళ్ళెం నిండా తిండి పట్టుకుని బస్సు దగ్గరికి వచ్చాడు.

"తిండి అమ్మ కట్టిచ్చిందిరా. నువ్వు కూర్చో, చెరిసగం తిందాం" అన్నాడు రూఫస్.

"లోపల పిలుస్తున్నారు. రేపు కూర్చుంటాలే" అని వాల్టర్ పళ్ళెం పెట్టేసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండో ఊరు. మళ్ళీ అదే గుమ్మం, అదే పళ్ళెం, అదే రేపు.

ఆ తర్వాత మూడో ఊరు. కప్పు ఎవరిదో తేలే ఆట. చివరి నిమిషంలో బంతి రూఫస్ చేతిలో ఉంది. తనే వేసుకోవచ్చు. కానీ వాల్టర్ బుట్టకి దగ్గరగా ఉన్నాడని వాడికి అందించాడు. వాల్టర్ వేశాడు, జట్టు గెలిచింది. అప్పుడు వాల్టర్‌ని భుజాల మీద ఎత్తుకుని విందుకి తీసుకుపోయారు. రూఫస్ మాత్రం మళ్ళీ బస్సు దగ్గరే.

విందులో కూర్చున్నాడన్న మాటే గానీ వాల్టర్ మనసంతా బస్సు మీదే ఉంది. వెళ్ళాలి, వెళ్ళాలి అనుకుంటూనే కేకు కోసేదాకా ఉండిపోయాడు. పాడు కాళ్ళు, లేవలేదు! చివరికి పరిగెత్తుకుంటూ బస్సు దగ్గరికి వచ్చాడు. రూఫస్ లేడు. ఈ జట్టుకో దణ్ణం అని డ్రైవరుతో చెప్పి రైలెక్కేశాడట. సీటు మీద కాగితంలో చుట్టిన రొట్టె ఉంది. సగమే.

మళ్ళీ కలిశారా అంటావా? లేదమ్మా. వాల్టర్ ముసలివాడయ్యాక కూడా, ఎవరైనా కప్పు గురించి అడిగితే ఆ రొట్టె గురించే చెప్పేవాడు.

ఈ అమ్మమ్మ సంగతేంటంటావా? మా బళ్ళో దీనమ్మ అని ఉండేది. ఊరవతల పేట పిల్లని దూరంగా కూర్చోబెట్టేవాళ్ళు. రోజూ నా క్యారేజీలోంచి మాగాయ ముక్క దానికిచ్చి వచ్చేసేదాన్ని. ఎంత మంచిదాన్నో అనుకునేదాన్ని. ఒక్కనాడూ దాని పక్కన కూర్చోలేదే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

రేపు బళ్ళో నీ క్యారేజీ ఎవరి పక్కన విప్పుతావో చూసుకో, బంగారం.

కథ కంచికి, కంచం పంక్తికి, కునుకు నీ కంటికి.